ఊ అనేదాకా

బాయి సైరను మొదటి కూత అయింది. ఇంకో గంటకు రెండో కూత. అది మోగగానే బొగ్గుబాయికి బయలుదేరాలి. సాంబయ్య అన్నం తిని, చేయి కడుక్కుని, గడప పక్కన పీట మీద కూర్చుని తల వంచాడు. వంచినాక గుర్తొచ్చింది, తల మీద చేయి పెట్టే మనిషి మంచంలో ఉందని. బాయి పనికి ఎక్కి పంతొమ్మిదేండ్లు. ఈ పంతొమ్మిదేండ్లూ షిఫ్టుకు పోయే ముందు తల వంచడం, భార్య చంద్రవ్వ ఆ తల మీద చేయి పెట్టి ప్రార్థన చేయడం, ఆమెన్ అనగానే టిఫిను గిన్నె చేతికియ్యడం. కాడి చూడగానే ఎద్దు మెడ పెట్టినట్టు ఆ వంగడం దానంతట అదే వస్తుంది. ఇప్పుడు వంగిన తల ఎట్లా ఎత్తాలో తెలియక కాసేపు నేల చూస్తూనే ఉన్నాడు. చీమలు ఒక మెతుకును గడప మీదికి ఎక్కిస్తున్నాయి, సగం దాకా ఎక్కించి జారవిడుస్తున్నాయి, మళ్ళీ పట్టుకుంటున్నాయి. వాటికి అలుపు లేదు. అతనికి ఉంది. నెలన్నర సెలవులో ఒక్క బొగ్గుపెళ్ళ ముట్టలేదు, అయినా ఎముకల్లో మూడు షిఫ్టులు వరసగా చేసినంత అలుపు.

నెలన్నర కింద, నీళ్ళ బిందె దించుతూ దించుతూ చంద్రవ్వ పక్కకు ఒరిగింది. బిందె పగల్లేదు, నీళ్ళు కూడా సగమే ఒలికినాయి, మనిషే పోయింది. కుడిచేయి, కుడికాలు, నోరు. దవాఖానలో డాక్టరు పక్షవాతం అన్నాడు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అంత మాట్లాడే మనిషికి ఒక్క అక్షరం మిగిలింది. ఊ. నీళ్ళా అంటే ఊ. జావా అంటే ఊ. నొప్పా అంటే ఊ. వద్దా అన్నా ఊ. నిన్నటితో సెలవు అయిపోయింది, రెండో షిఫ్టుకు ఎక్కాలి. ఎక్కడానికి భయమేం లేదు, కింద ప్రతి మలుపూ కాళ్ళకు తెలుసు. ప్రార్థన లేకుండా దిగొద్దు అనేది ఆమె కట్టడి. ఆ కట్టడే ఇప్పుడు రాయిలా అడ్డం పడింది. నిన్న సాయంత్రం మిషను గుడి అయ్యగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. సాంబయ్యా, ఇక నువ్వే చేయాలి కదా ప్రార్థన అన్నారు. ఏమనాలె అయ్యగారూ అన్నాడు. ఇంట్లో తండ్రితో ఎట్లా మాట్లాడతావో అట్లాగే మాట్లాడు, దానికి పెద్ద చదువు కావాలా అన్నారు. సాంబయ్య తల ఊపాడు. తండ్రితో తాను ఎప్పుడు మాట్లాడాడో రాత్రంతా వెతికాడు. దొరకలేదు.

చంద్రవ్వకైతే దేవుడు ఇంట్లో మనిషే. అయ్యగారి ప్రార్థన పుస్తకం భాషలో ఉంటుంది, వినడానికి బాగుంటుంది, ఆమెది పొయ్యిగడ్డ మీది భాష. తండ్రీ, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టిన్నో జర యాదికి తే. తండ్రీ, ఈ కట్టెలు పచ్చిగున్నయి, నువ్వన్న ఎండ కొట్టు. జావ పొంగిపోతే కూడా ఆయననే అనేది, సూస్తున్నవు గద, చెప్పొద్దా అని. మొదట్లో సాంబయ్యకు సిగ్గేసేది, కంపెనీ లైను ఇండ్లలో గోడకు గోడ ఆనుకుని ఉంటుంది, పక్కింటి వాళ్ళు ఎవరితో మాట్లాడుతుందే అని తొంగిచూసేవాళ్ళు. పుట్టిన పిల్ల పదకొండో రోజు పోయినప్పుడు మూడు రోజులు ఆమె దేవునితో మాట్లాడలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. పెనిమిటితో మాట్లాడింది, పక్కింటామెతో మాట్లాడింది, ఆయనతోనే మాట్లాడలేదు. నాలుగోనాడు పొద్దున చీపురు పక్కన పడేసి, వాకిట్లో చతికిలబడి, కొంగు సర్దుకుని, సరే ఇప్పుడు చెప్పు, ఎందుకు తీసుకపోయినవో అన్నది. పొద్దు నెత్తికెక్కేదాకా అట్లా కూర్చుంది. ఏం విన్నదో, లేచి పొయ్యి అంటించింది. ఏం చెప్పిండే అని సాంబయ్య అడగలేదు. అడగాలని ఇన్నేండ్లు అనుకున్నాడు. ఇప్పుడు అడిగితే ఊ అంటుంది.

అతనికి దేవుడంటే దొర గడి మెట్ల మీద కుర్చీలో కూర్చున్న మనిషే కనబడతాడు. అతని తండ్రి, బాపు అంతయ్య, కరీంనగర్ దిక్కు ఊర్లో దొరకు వెట్టి చేసేవాడు, చెప్పులు కుట్టి ఇచ్చేవాడు, తోళ్ళు మోసేవాడు. మిషను వాళ్ళు వచ్చి వాడలో బడి పెడితే సాంబయ్యను పంపాడు, మూడేండ్లు. ఒక ఎండాకాలం వాడ బావి ఎండింది. గడి బావిలో రెండు కడవలు చేదుకుంటమని బాపు అడగబోయాడు, తోడు సాంబయ్య. బాంచెన్ దొరా, రెండు కడవలు. దొర వినలేదు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వినలేదేమో అనుకుని బాపు రెండోసారి అన్నాడు. అంతే. ఒక్కసారి చెప్తే వినబడదా నాకు, చెవిటోన్నా అని దొర చర్నాకోల అందుకుని లేచాడు. బాపు వీపు మీద ఆ చర్నాకోల వాతలు ఎండాకాలం పోయి వానలు పడ్డా మానలేదు. ఇంటికి వచ్చే తొవ్వలో బాపు ఒక్క మాటే అన్నాడు. పెద్దోళ్ళ ముందు ఒక్కపారే అనాలె బిడ్డా. ఇంటే ఇన్నరు, లేకుంటే లే. ఆ తర్వాత సాంబయ్యకు ఏ మాటైనా ఒక్కసారే వచ్చింది, అదీ పొట్టిగా. బాప్తిస్మంలో అయ్యగారు దేవసహాయం అని పేరు పెట్టారు. గుడి రిజిస్టర్లో ఉంది ఆ పేరు. దానితో పిలిస్తే ఇప్పటికీ పక్కవాని దిక్కు చూస్తాడు.

"అన్నం తిన్నవా, లేక చీమలకే పెట్టినవా?"

పక్కింటి పోశవ్వ వచ్చింది. పొద్దటి పనిలో బొగ్గులోంచి రాళ్ళు ఏరి వచ్చి, స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడి వేసుకుంది. కనురెప్పల మీద నలుపు ఎంత రుద్దినా పోదు. ఇవ్వాళటినుంచి సాంబయ్య షిఫ్టులో ఉన్నంతసేపూ చంద్రవ్వను ఆమే చూస్తానంది. ఎవరూ అడగలేదు, తనంతట తానే వచ్చి అన్నది.

"తిన్న వదినే."

"మా చెల్లె తిన్నదా? ఏమే చంద్రవ్వా, జావ తాగినవా?"

"ఊ" అంది మంచం మీదినుంచి చంద్రవ్వ.

"ఏం తాగినవే, గిన్నెనిండ అట్లనే ఉండె. అన్నిటికి ఊ అంటది." పోశవ్వ ఆమె తల కింది బట్ట సరిచేసింది. "గింత మాట్లాడే మనిషివి, ఆఖరుకు నీ మొగని లెక్కనే అయితివి గదనే. ఈయిన నోరు తెరిస్తే ముత్యాలు రాలుతయని దాసుకునె. నీకేమయిందే, నా ముచ్చట్లు వినెటోళ్ళు లేకుంట చేస్తివి." తర్వాత సాంబయ్య దిక్కు తిరిగింది. "మీ దేవునికి జెప్పరాదు, పొయ్యికాడి ముచ్చట బంద్ అయిందని పరేషాన్ అయితుంటడు ఆయనగూడ."

సాంబయ్య నవ్వబోయాడు. రాలేదు. పోశవ్వ గిన్నె పట్టుకుని వెనుక వాకిట్లోకి పోయింది. బూడిద వేసి గిన్నె తోమే చప్పుడు మొదలైంది. పోశవ్వది వేరే మొక్కు, ఏటా పోచమ్మకు బోనం ఎత్తుతుంది. చంద్రవ్వ రోజూ ఆమె పేరు ప్రార్థనలో చెప్పేది. పోశవ్వకు ఆ సంగతి తెలుసు, చెప్పు చెప్పు, ఎవలు విన్నా నాకు మంచిదే అనేది. పదకొండేండ్లుగా పోశవ్వ గాజుల్లేని చేతులతో గిన్నె తోముతుంటే ఆ చప్పుడు సాంబయ్య చెవిలో పడుతూనే ఉంది. రోజూ పడే చప్పుడు చెవికి అలవాటు కావాలి. ఇది కాలేదు. ఈ చప్పుడు వింటూ ఆమె పెనిమిటి పేరు తలచుకోకుండా ఒక్క పూట గడవలేదు.

లచ్చయ్య. లచ్చన్నా అని పిలిచేవాడు. మొదటిసారి ఓట్లు వచ్చిన మరుసటి ఏడు, చలికాలం. బాయిలో దిగినవానికి మొదట నేర్పేది బొగ్గు కొట్టడం కాదు, మాట చెప్పడం. కింద బొగ్గు టబ్బుల చప్పుడు, పంపు చప్పుడు, సుత్తెల చప్పుడు, చీకట్లో అవతలివాని మొహం చూసి విన్నాడో లేదో తెలుసుకునే వీలుండదు. అందుకని పాత సర్దారు కొమురెల్లి పెట్టిన కట్టడి ఒకటుంది, ఏ కాయితంలోనూ రాయనిది. పైలం, అంటే జాగ్రత్త, అనే మాట రెండుసార్లు అనాలి, అవతలివాడు ఊ అనేదాకా అక్కడినుంచి కదలొద్దు. ఊ అంటేనే మాట చేరినట్టు. ఆ కట్టడి బాయిలోంచి ఇండ్లలోకీ వచ్చింది. లైనులో ఆడవాళ్ళు పొయ్యి మీద పాలు చూడమని చెప్పినా రెండుసార్లు చెప్పి, ఊ అనిపించుకుని పోతారు. సాంబయ్యది టింబరు పని. బాయి కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. నిలబెట్టే ముందు గడ్డపారతో కప్పును తట్టి చెవి పెట్టాలి. గట్టి కప్పు కంచులా పలుకుతుంది. విడిచిన కప్పు, ఊడిపడబోయేది, పాత కుండలా పలుకుతుంది. ఆనాడు తట్టాడు. పాత కుండ. మళ్ళీ తట్టాడు. కప్పును రెండుసార్లు తట్టాడు, అది బాగా గుర్తు. కింద లచ్చయ్య టబ్బు నింపుతున్నాడు, సగం నిండింది, నిండనిది వదిలి వచ్చే మనిషి కాదు. లచ్చన్నా, పైలం. ఒక్కసారి. లచ్చయ్య తలమీది దీపం కొంచెం కదిలింది. దాన్నే ఊ అనుకున్నాడు. దిమ్మె తేవడానికి వెనక్కి తిరిగాడు. ఇరవై అడుగులు పోయాడో లేదో, ముందు గాలి వచ్చింది, వీపును నెట్టింది, తర్వాత చప్పుడు. దుమ్ము అణిగి చూసేసరికి దీపం లేదు.

కంపెనీ పెద్దవాళ్ళు వచ్చి అడిగారు. హెచ్చరించినవా? హెచ్చరించిన. కొమురెల్లి తల ఊపాడు, కాయితం మీద అదే రాసుకుపోయారు. ఎన్నిసార్లు అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడే. అడగందే చెప్పడం సాంబయ్యకు రాదు. ఆ ఆదివారం గుడిలో చంద్రవ్వ లేచి సాక్ష్యం చెప్పింది, తండ్రీ, ఇరవై అడుగుల అవతల నిలబెట్టి నా పెనిమిటిని కాపాడినవు అని ఏడ్చింది, అందరూ ఆమెన్ అన్నారు. వెనుక చాప మీద కూర్చున్న సాంబయ్య తల వంచుకున్నాడు. ఎంత భక్తి అనుకున్నారు చూసినవాళ్ళు. అప్పటినుంచి ఆమె ప్రార్థన కింద తల పెట్టడమే అతనికి సుఖమైంది. ఆమె మాట్లాడుతుంటే తాను మాట్లాడే పని లేదు. ఆమె కొంగు వెనుక నిలబడి దేవుని ముందునుంచి రోజూ నడిచిపోయాడు, ఆయన ఒక్కసారీ పక్కకు జరగమని అడగలేదు. కొంగు పోయింది ఇప్పుడు. కుర్చీ ఉంది, కుర్చీలో మనిషి ఉన్నాడు, నడుమ ఎవరూ లేరు.

కానీ ఆ చలికాలం పోయినంక ఆమె ప్రార్థన చివర ఒక మాట కలిసింది. తండ్రీ, ఈయిన పోతుండు, ముద్ద తిన్నడు, సూసుకో. ఇది పాతది. నోరులేనోని మాట నువ్వే తీసుకో. ఇది కొత్తది. తక్కువ మాట్లాడతానని దెప్పుతుంది అనుకున్నాడు అప్పుడు. రోజూ అదే మాట, తల మీద చేయి ఆ మాట దగ్గర కొంచెం బరువెక్కేది. ఒకనాడు, గట్లెందుకంటవే రోజు అన్నాడు. తీసుకునేదాక అనద్దా మరి అన్నది. పెద్దోళ్ళను అన్నిసార్లు అడుగుతరానే? ఆమె టిఫిను గిన్నె చేతిలో పెడుతూ నవ్వింది. ఆయన ఇసుక్కోడు, నేను ఇసుక్కోను, నువ్వెందుకు ఇసుక్కుంటవు పో. తెలుసా ఆమెకు? నిద్రలో ఏమన్నా అన్నాడా తాను? పోశవ్వ పేరు చెప్పి, వెంటనే ఆ మాట చెప్పేది, ఒకదాని పక్కన ఒకటి, పొయ్యి పక్కన కట్టె పెట్టినట్టు. పదకొండేండ్లు, ఆదివారాలు తీసేస్తే ఎన్ని షిఫ్టులు, అన్నిసార్లు అడిగింది ఒకే మాట. ఏ దొరా అన్నిసార్లు విని ఊరుకోడు. ఎన్నడో లేచేవాడు.

వాకిట్లో ఎండ గడప దాటింది. లైను అవతల మగవాళ్ళు కదులుతున్నారు, ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఖయ్యూంను బీడీ అడుగుతున్నారు. సాంబయ్య లేచి మంచం దగ్గరికి పోయాడు. చంద్రవ్వ చూస్తోంది, సగం మొహంతో. పంతొమ్మిదేండ్లు ఆమె నిలబడేది, అతడు కూర్చునేవాడు. ఇప్పుడు ఆమె పడుకుని ఉంది కాబట్టి అతడు ఇంకా కిందికి, మోకాళ్ళ మీదికి దిగాల్సి వచ్చింది. మోకాలు ఒకటి టక్కుమంది. ఆమె కుడిచేతిని రెండు చేతులతో ఎత్తి తన తల మీద పెట్టుకున్నాడు. నీళ్ళల్లో నానిన దిమ్మె అంత బరువుంది. జారిపోకుండా మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. బాయి మీద హాజరు బిళ్ల తీసుకునేటప్పుడు గూటి ముందు నిలబడి రోజూ చెప్పే మాటే వచ్చింది.

"సాంబయ్య. టింబరు పని. రెండో షిఫ్టు."

ఆగాడు. గూటి అవతల బిళ్ల వెతుకుతున్నప్పుడు కూడా ఇట్లాగే ఆగుతాడు.

"గుడిల దేవసహాయం అని రాసిండ్రు. గది గూడ నేనే." జారుతున్న చేతిని మళ్ళీ తల మీదికి జరుపుకున్నాడు. "చంద్రవ్వ చెప్పలేకపోతుంది. గందుకే నేనొచ్చిన. తండ్రీ." ఆ మాట ఎప్పుడూ అనలేదు, నాలుక మీద మట్టిగడ్డలా తగిలింది. "లచ్చన్నకు నేను ఒక్కసారే చెప్పిన."

వాకిట్లో గిన్నె తోమే చప్పుడు ఆగింది.

అతనికి వినబడింది అది ఆగడం. ఇక్కడ ఆపవచ్చు, ఆమెన్ అని లేవవచ్చు, సరిగ్గా వినబడి ఉండదు పోశవ్వకు, వెనక్కి తిరిగి ఇరవై అడుగులు నడిస్తే చాలు. వీపు మీద చర్రుమంది, బాపు వీపు కాదు, తనదే. చంద్రవ్వ మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు.

"లచ్చన్నకు ఒక్కసారే చెప్పిన తండ్రీ. కుండ లెక్క మోగింది కప్పు. నాకెరుకైంది. పైలమని ఒక్కపారే అన్న, ఊ అనకముందే పోయిన. ఎవలు అడగలే. నేను చెప్పలే."

రెండోసారి చెప్పాడు. ఎవరూ లేవలేదు. కుర్చీ ఉన్నచోట చూస్తే ఏం కనబడలేదు, మంచం పట్టె, దాని మీద చంద్రవ్వ పాత చీర అంచు. ఆమెన్ అనడం మర్చిపోయాడు. లేవలేదు. వినాలని మొదటిసారి అనిపించింది. కప్పుకు చెవి పెట్టినట్టు పెట్టాడు, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ. ఎంతసేపో. మోకాళ్ళు మొద్దుబారాయి. చీమలు ఆ మెతుకును గడప దాటించాయి.

"ఊ" అంది చంద్రవ్వ.

అది నీళ్ళకో, నొప్పికో, చేయి దించమనో. అన్నిటికీ అదే కదా ఆమెకు. దేనికని అడగలేదు సాంబయ్య. అది వచ్చేదాకా మాత్రం కదలలేదు, అంతవరకు తెలుసు. చేతిని మెల్లగా తీసి, ఆమె కడుపు మీద పెట్టి, దుప్పటి సర్దాడు.

లేచి తిరిగేసరికి వెనుక గుమ్మంలో పోశవ్వ నిలబడి ఉంది. మోచేతుల దాకా బూడిద.

"రెండోసారి ఎందుకనలే?"

ఆమె గొంతు పెద్దగా లేదు. గడి, కుర్చీ, రెండు కడవలు, బాపు వాతలు, అన్నీ నోటి అంచు దాకా వచ్చాయి. చెప్తే నిజమే. చెప్తే తప్పించుకోవడం కూడా.

"అలవాటు లేకుండె వదినే."

"అలవాటు." పోశవ్వ ఆ మాటను నోట్లో రాయిలా అటూ ఇటూ తిప్పింది. "తల ఊపిండా, దీపం కదిలిందా ఆయనది?"

"కదిలింది."

"మరి విన్నడో లేదో."

"ఎరుకలే."

ఆమె చేతుల బూడిద ఒకదానితో ఒకటి దులుపుకుంది. చంద్రవ్వ దిక్కు చూసింది, చంద్రవ్వ కూడా ఆమెనే చూస్తోంది. ఆ చూపుల మధ్యలో ఏముందో సాంబయ్యకు అందలేదు. పోశవ్వ పొయ్యి దగ్గరికి పోయి టిఫిను గిన్నె తెచ్చింది. చేతికియ్యలేదు. గడప మీద పెట్టింది.

"పో. పనికి ఆలస్యమైతది. దీనికి జావ నేను తాపిస్త."

రెండో కూత మొదలైంది, లైను మీదుగా, ఇండ్ల రేకుల మీదుగా, పొడుగ్గా. సాంబయ్య గిన్నె తీసుకుని వీధిలోకి దిగాడు. తేలికగా ఉంటుందని అయ్యగారు అంటుంటారు ఇట్లాంటివి చెప్పుకున్నాక. తేలికగా లేదు. కాళ్ళు ఎప్పటిలాగే బరువు, ఎండ ఎప్పటిలాగే ఎండ. తల మీద మాత్రం ఆ చేతి బరువు ఇంకా ఉన్నట్టే ఉంది, దింపి వచ్చినా. నాలుగు ఇండ్లు దాటాడు.

"సాంబయ్యా."

వెనక్కి తిరిగాడు. పోశవ్వ గడపలో ఉంది.

"పైలం."

కూత ఇంకా ఆగలేదు. మగవాళ్ళు అతన్ని దాటుకుని పోతున్నారు. ఆమె లోపలికి పోలేదు. ఎండ కండ్లలో పడుతుంటే చేయి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

"పైలం" అంది రెండోసారి.

అప్పుడూ లోపలికి పోలేదు. కూత ఆగింది. వీధి ఖాళీ అయింది. ఆమె నిలబడే ఉంది. ఎందుకు నిలబడిందో సాంబయ్యకు అప్పుడు ఎరుకైంది.

"ఊ" అన్నాడు, వినబడేటట్టు.